తిరుపతి చుట్టుపక్కల స్ఫూర్తినిచ్చే మనుషుల్ని ఫోటో తీయాలంటే ఎక్కడికి పోవాలి, ఎలా అడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కొత్తగా కెమెరా కొన్నారు, ఉండేది తిరుపతిలోనే, మన ఊళ్ళలో స్ఫూర్తినిచ్చే మామూలు మనుషుల ఫోటోలు వరసగా తీసి ఆన్‌లైన్లో పెట్టాలని ఉంది. అలాంటివాళ్ళు ఎక్కడ దొరుకుతారు, ముక్కూమొహం తెలియనివాళ్ళని ఎలా అడగాలి, డబ్బులివ్వాలా వద్దా అన్నవి మీ సందేహాలు.

నేను ఇక్కడే స్టూడియో నడుపుతున్నాను. తిండి పెట్టేది పెళ్ళిళ్ళు, పాస్‌పోర్టు ఫోటోలు. మీరు అడిగిన పని మాత్రం చాలా ఏళ్ళుగా, ముహూర్తాలు లేని రోజుల్లో, నా ఇష్టం కొద్దీ చేసుకుంటున్నది.

సూటిగా చెప్తాను. స్ఫూర్తినిచ్చే మనిషి కోసం వెతకొద్దు. ఒక పనిని ఎంచుకోండి. ఆ పని మొదలయ్యే వేళకి పోయి, అయిపోయేదాకా అక్కడే ఉండండి. మనిషి తనంతట తానే తగులుతాడు. మొదటి రోజు కెమెరా సంచిలోనే ఉండనీయండి. ఫోటో దిగినందుకు డబ్బులివ్వొద్దు, మీ వల్ల ఎవరి కూలి పోయినా ఆ కూలి ఇవ్వండి. ప్రింటు మాత్రం తప్పకుండా వాళ్ళ చేతికివ్వండి.

ఎందుకు ఇట్లా అంటున్నానంటే, స్ఫూర్తి అనుకుంటూ బయల్దేరితే రెండే దొరుకుతాయి. ఒకటి, ఇప్పటికే పేపర్లో పది సార్లు వచ్చిన మనిషి. ఆయనకి మీ ప్రశ్నలన్నిటికీ జవాబులు ముందే సిద్ధంగా ఉంటాయి. రెండు, ఎవరో కష్టంలో ఉన్న మనిషి. ఆ కష్టాన్ని బ్లాక్ అండ్ వైట్‌లో తీసి 'జీవిత పోరాటం' అని కింద రాసేస్తాం. చూసినవాళ్ళు అయ్యో అంటారు, అంతటితో సరి.

సదరం సర్టిఫికెట్ (వికలాంగులకిచ్చేది) పని మీద పాస్‌పోర్టు ఫోటో దిగడానికి ఒకాయన నా స్టూడియోకి వచ్చాడు. చిన్నప్పుడు పోలియో సోకి ఒక కాలు సన్నబడింది. మాటల్లో తెలిసింది, వీధినాటకాలవాళ్ళకి కిరీటాలు, భుజకీర్తులు చేస్తాడని. "అన్నా, ఒక రోజు మీ ఇంటికొచ్చి ఫోటోలు తీసుకుంటా" అన్నాను. ఆయన తల దువ్వుకుంటూనే అద్దంలోంచి నన్ను చూసి, "కాలు కోసమా, కిరీటం కోసమా?" అన్నాడు. కిరీటం కోసమే అన్నాను. "అట్లయితే రాన్నా" అన్నాడు.

పోయి చూస్తే, నేను ఊరికే అట్టముక్కకి బంగారు కాగితం అంటించే పని అనుకున్నది ఎంత లెక్కతో కూడుకున్నదో తెలిసింది. తేలిక చెక్క ఎందుకంటే, వేషగాడు తెల్లారిందాకా దాన్ని నెత్తిన పెట్టుకుని గిరగిరా తిరగాలి. అద్దం ముక్కల్ని ఒకే చదునుగా అంటించడు, ఒక్కోదాన్ని ఒక్కో పక్కకి కొంచెం వంచి అంటిస్తాడు. అన్నీ ఒకే దిక్కు చూస్తే ముందు వరసోళ్ళకే మెరుస్తాయట, వెనకాల చాప మీద కూర్చున్న ముసలమ్మకి కూడా రాజు రాజులాగానే కనిపించాలట. గోడకి ఒక మేకు, దానికి బోలెడు దారాలు వేలాడుతుంటాయి. ఒక్కో దారం ఒక్కో వేషగాడి తల కొలత. దుర్యోధనుడిది ఏది, ధర్మరాజుది ఏది అని చూడకుండానే చెప్తాడు. నేను ఆ రోజు తీసినవాటిలో ఇప్పటికీ నచ్చేది ఆ దారాల మధ్యలోంచి ఆయన మొహం కనిపించేది. అందులో కాలు లేదు. దాచాలని కాదు, అక్కడ దానికి పనేమీ లేదు.

ఇంకో సంగతి. ఇట్లాంటి మనిషి ఒకరు దొరికితే తర్వాతి మనిషిని ఆయనే చూపిస్తాడు. "నా కిరీటం పెట్టుకునేవాడిని చూడాల గదా నువ్వు" అని ఆయన నన్ను భారతం ఆడుతున్న ఊరికి పంపించాడు.

మీరు ఈ జిల్లావాళ్ళే అయితే భారతం గురించి చెప్పనక్కర్లేదు. కొత్తగా వచ్చినవాళ్ళయితే, ద్రౌపదమ్మ గుడో ధర్మరాజుల గుడో ఉన్న ఊళ్ళలో ఎండాకాలం మొదలుకొని జరుగుతుంది, మామూలుగా 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. మధ్యలో ఒక రోజు అర్జున తపస్సు. ఆఖరు రోజు పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం. నేల మీద పడుకోబెట్టినట్టు మట్టితో కట్టిన అంతెత్తు దుర్యోధనుడి బొమ్మ దగ్గరికే ఫోటోగ్రాఫర్లంతా పరిగెత్తుతారు. తప్పు లేదు, చూడాల్సిందే. నేను మాత్రం తపస్సు మాను దగ్గర ఆగిపోయాను.

అర్జునుడి వేషం కట్టేది యాభై దాటిన వెల్డింగ్ పనివాడు. పాశుపతం కోసం అర్జునుడు చేసే తపస్సుని ఒక పొడుగాటి మాను ఎక్కుతూ, పద్యాలు పాడుతూ ఆడాలి. పైన చిన్న పీట, చుట్టూ జనం. నేను పొద్దున్నే పోయాను కాబట్టి ఎవరూ చూడనిది చూశాను. వేషం లేకుండా, లుంగీ పైకి కట్టి, ఆయన మానుకి బిగించిన ప్రతి మెట్టు కర్రనీ మడమతో గట్టిగా తన్ని చూసుకుంటున్నాడు. కట్లు కట్టింది ఊళ్ళోవాళ్ళే, బాగానే కట్టారు. అయినా ఒక్కోటీ తన్నాడు. రెండు చోట్ల విప్పించి మళ్ళీ కట్టించాడు. "ఎక్కేటప్పుడు నేను అర్జునుడ్ని సామీ, భయం ఉండదు. దిగేటప్పుడే నా పేరు గుర్తొస్తాది" అన్నాడు. నాకు మాత్రం ఆయన సాధన ఆ మడమ దెబ్బల్లోనే కనిపించింది. మధ్యాహ్నం గొంతెత్తి పాడుతున్న అర్జునుడి ఫోటో నా దగ్గరా ఉంది, ఇంకా చాలామంది ఫోన్లలోనూ ఉంది. మెట్టు కర్రని తన్నే వెల్డరు నా దగ్గరే ఉన్నాడు.

పనిమీద ఒక మాట: కింది నుంచి తీస్తే తెల్లటి ఆకాశం మీద నల్లటి మనిషి మిగులుతాడు. ముందే చూసుకుని, ఎండ మీ వీపు మీద పడే పక్కన ఎవరిదైనా మిద్దె ఎక్కడానికి అడిగి పెట్టుకోండి. మన ఊళ్ళలో కాదనరు, పైగా మజ్జిగ కూడా ఇస్తారు.

ఇదే చోట గట్టి హెచ్చరిక ఒకటి. మాను కింద తడిచీరలతో, కొంగులు పట్టుకుని ఆడవాళ్ళు ఉంటారు. పిల్లలు కావాలని మొక్కుకున్నవాళ్ళు. పైనుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయ, పువ్వులు కొంగులో పడాలని చూస్తుంటారు. ఫోటోకి అంతకన్నా బలమైన దృశ్యం దొరకదు, అదే చిక్కు. ఆ మొహాలు ఆన్‌లైన్లో పెట్టారంటే, పిల్లలు లేరని ఊరివరకే తెలిసిన సంగతి లోకానికంతా చాటినట్టే. అత్తగారింట్లో ఆ ఫోటో ఎట్లా తిరుగుతుందో మీకు తెలియదు. నేను కొంగులు తీస్తాను, చేతులు తీస్తాను, వెనకనుంచి తీస్తాను. మొహాలు పెట్టను. అడిగి ఒప్పించినా పెట్టను. ఆ నిమిషంలో వాళ్ళు దేనికైనా సరే అంటారు.

ఇంక శ్రీకాళహస్తి. తిరుపతి నుంచి 40 కిలోమీటర్ల లోపే, పొద్దున బస్సెక్కితే పని మొదలయ్యే వేళకి చేరతారు. కలంకారీ అనగానే అందరూ రంగులు నిండిన గుడ్డ ముందు కళాకారుణ్ణి నిలబెట్టి తీస్తారు. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గారి ఊరది, పేరున్నవాళ్ళకి కొదవలేదు. మీరు పేరు లేని ఇళ్ళకి పోండి. ఇంటి వెనక దొడ్లో అసలు పని నడుస్తుంటుంది. గుడ్డని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఎండేస్తారు. తుమ్మెద రంగు గీతకి వాడే కసిం, తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెడితే వచ్చేది. ఆ కుండ మూత తీస్తే వచ్చే వాసనని ఏ లెన్సూ పట్టలేదు, అది మీ అదృష్టం.

అక్కడ ఒక పెద్దావిడ నాకు బాగా అలవాటయ్యింది. వెదురు పుల్ల చివర ఊలు చుట్టి దారంతో కట్టిన కలం. చుట్టిన ఊలుని వేళ్ళతో పిండేకొద్దీ రంగు దిగుతుంది, పిండడం ఆపితే గీత సన్నబడుతుంది. కలం గుడ్డ మీద పెట్టినప్పుడు గీత గోధుమ రంగులో పలచగా ఉండి, కళ్ళ ముందే నల్లబడుతుంది. కసింలోని ఇనుము, గుడ్డలోని కరక్కాయ వగరు కలిసి చేసే పని అది. కాబట్టి ఒక్క క్లిక్కుతో వదలకండి, గీత మొదలైనప్పటి నుంచి నల్లబడేదాకా వరసగా తీయండి. ఆవిడ కన్ను గుడ్డకి ఎంత దగ్గరగా ఉన్నా మాట్లాడుతూనే ఉంటుంది, పక్కింటి గొడవలు, కోడలి వంట, అన్నీ. కానీ వంపు తిరిగే చోట మాట ఆగిపోతుంది. వంపు దాటాక మళ్ళీ కోడలి వంట. నేను ఆ ఆగిపోయే క్షణం కోసం కూర్చునేవాణ్ణి.

ఉతకడానికి పోయేటప్పుడు తప్పకుండా వెంట పోండి. స్వర్ణముఖిలో నీళ్ళుంటే ఏట్లో, లేకుంటే బోరు దగ్గర. పారే నీళ్ళే కావాలి, లేకపోతే వదిలిన రంగు మళ్ళీ గుడ్డకే అంటుకుంటుంది. మోకాళ్ళ లోతు నీళ్ళలో గంటలు నిలబడే ఆ కూలివాళ్ళ పేర్లు ఏ ఎగ్జిబిషన్లోనూ కనిపించవు.

గంగమ్మ జాతర గురించి తొందరగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే మే నెలలో తాతయ్యగుంట దగ్గర భక్తులకన్నా కెమెరాలు ఎక్కువైపోయాయి. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని రోజుకొక వేషం. గంగమ్మ దొర వేషంలో పాలెగాణ్ణి చంపిందని, ఆ తర్వాత మాతంగి వేషంలో వాడింటి ఆడవాళ్ళని ఓదార్చిందని ఇక్కడ చెప్పుకుంటారు. ఆడవేషం మొక్కు తీర్చుకునే మగవాళ్ళని వీధిలో కాదు, ఇంట్లో తీయండి, పొద్దున్నే. నాకు తెలిసిన లారీ డ్రైవరొకాయన వాళ్ళమ్మ మొక్కు కోసం ప్రతి ఏడూ చీర కడతాడు. కట్టేది భార్య. రవిక పట్టలేదని పడీ పడీ నవ్వుతుంది, పిన్నీసు గుచ్చుకుని ఆయన అరిస్తే ఇంకా నవ్వుతుంది. బొట్టు పెట్టడం అయ్యాక దండం పెట్టి పక్కకి జరుగుతుంది. ఇట్లాంటి ఫోటో కింద నవ్వులాట మాట ఒక్కటి రాసినా పాపమే.

తిరుమల కొండ మీద సంగతి వేరు. గుడి లోపలికి కెమెరా, ఫోను రెండూ పోవు, డ్రోను సంగతి తలపెట్టనే వద్దు. అలిపిరి నడక దారిలో 3,550 మెట్లు. ప్రతి మెట్టుకీ పసుపు రాసి కుంకుమ పెట్టుకుంటూ పోయే ఆడవాళ్ళని చూసే ఉంటారు. ఒక్కో మెట్టుకీ వంగి లేవాలి. ముందే అడిగి, పై మెట్ల మీద ఒక పక్కగా కూర్చోండి. వాళ్ళని ఆగమనొద్దు, ఇంకోసారి పెట్టమనొద్దు. వాళ్ళు మిమ్మల్ని దాటి పోయేంతవరకే మీ ఫోటో.

కొందరిని పని చేసే చోట తీయడం కుదరదు. కళ్యాణకట్టలో చాలా ఏళ్ళు పనిచేసిన ఒక క్షురకుడు మా వీధి టీ అంగట్లో పరిచయం. పుట్టువెంట్రుకలు తీయించే పసిబిడ్డ ఏడుస్తుంటే ఏం చేస్తారని అడిగాను. "ఏడ్చే బిడ్డతో ఇబ్బంది లేదు, తల ఒకే లయలో కదుల్తాది. ఏడుపు ఆపి ఉన్నట్టుండి తల తిప్పే బిడ్డతోనే జాగ్రత్త" అన్నాడు. మాడు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగపడతాడట. ఈయన్ని పని చేస్తుండగా నేను తీయలేను, తీయాలని అడగను కూడా. వాళ్ళ ఇంటి అరుగు మీద, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఒకటి తీశాను. ఆ ఫోటో కింద పసిబిడ్డ మాట రాస్తే చాలు, చూసేవాళ్ళు చేతుల్నే చూస్తారు.

ఇప్పుడు అడగడం. మీరు కెమెరాతో కనబడగానే మూడు ప్రశ్నలు వస్తాయి: పేపరోళ్ళా, యూట్యూబా, పింఛను ఫోటోనా. మూడోది నవ్వులాట కాదు. ఊళ్ళో ఒంటరి ముసలివాళ్ళు ఫోటో తీస్తే ఏదో సాంక్షన్ అవుతుందని నమ్ముతారు. ఈ ఫోటోతో మీకు ఏమీ రాదని మొదటే చెప్పండి. నేను వాడే మాటలు ఇవే: "అవ్వా, నాది తిరుపతిలో ఫోటో స్టూడియో. నీ పని నచ్చింది, నా ఇష్టానికి తీసుకుంటా. పింఛనూ రాదు, టీవీలోనూ రాదు. ఫోటో మాత్రం తెచ్చిస్తా." ఇది విని వద్దన్నవాళ్ళు తక్కువ. వద్దంటే దండం పెట్టి వచ్చేయడమే, బతిమాలకూడదు. వయసుని బట్టి అవ్వా, తాతా, అన్నా, అక్కా అనండి. సార్, మేడమ్ అంటే ఆఫీసువాళ్ళనుకుని బిగుసుకుపోతారు.

పెద్దవాళ్ళని నవ్వమనకండి. మా స్టూడియోకి వచ్చే ముసలివాళ్ళలో చాలామంది "రేపు దండ వేసేదానికి ఒకటి తీయి నాయనా" అని నోరారా చెప్పి మరీ దిగుతారు. వాళ్ళకి ఫోటో అంటే మనవళ్ళు గోడ మీద చూసేది. నిటారుగా, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని దిగాలనుకుంటే ముందు అట్లాగే తీయండి, ప్రింటుకి అదే ఇవ్వండి. మీకు కావాల్సింది ఆ తర్వాత, వాళ్ళు పనిలో పడ్డాక దొరుకుతుంది.

డబ్బు విషయంలో నా పద్ధతి ముందే చెప్పాను. ఫోటోకి వంద ఇవ్వడం మొదలుపెడితే వీధిలో తర్వాతి మనిషి పని ఆపేసి మీ కోసం పోజు పెడతాడు, మీరు వచ్చిన పనే పోతుంది. వాళ్ళు అమ్మేది కొనండి. సగం పొద్దు వాళ్ళ పని ఆగితే సగం కూలి చేతిలో పెట్టండి, ఇంటివాళ్ళ ముందు ఇవ్వండి. ఫోటో ఎక్కడైనా అమ్ముడుపోతే అందులో వాటా వాళ్ళకి చేరాలన్నది నా నియమం, చట్టం అడగదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీ అంతట మీరు తీసిన ఫోటో హక్కు మీదే. ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే మాత్రం, వేరే ఒప్పందం రాసుకోకపోతే, హక్కు వాళ్ళది. పెళ్ళి ఫోటోలు తీసే మా వాళ్ళలోనే చాలామందికి ఇది తెలియదు. ప్రకటనకి ఇచ్చేటప్పుడు ఆ మనిషి సంతకం విడిగా తీసుకోండి, తెలుగులో రాసిన కాగితం మీద, చదివి వినిపించి.

లెన్సుల గురించి అడగలేదు కానీ అడుగుతారు. 35 ఎంఎం లేదా 50 ఎంఎం ఒక్కటి చాలు. జూమ్ పెట్టి దూరం నుంచి దొంగచాటుగా తీయడం నాకు ఇష్టం లేదు. రాత్రి నాటకాల్లో ఫ్లాష్ వద్దు. ఎల్‌ఈడీ లైట్ల కింద చారలు పడుతుంటే షట్టరు 1/50 లేదా 1/100కి దించండి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి వంద సార్లు మిణుకుమంటుంది, ఆ లెక్కకి సరిపోవాలి. తెల్ల పంచె కట్టుకున్న నల్లటి మనిషిని ఆటో మోడ్‌లో తీస్తే కెమెరా పంచెని చూసి మొహాన్ని ఇంకా నల్లగా చేస్తుంది. మొహానికి ఎక్స్‌పోజర్ పెట్టుకోండి, పంచె కొంచెం తెల్లబడిపోతే పోనీయండి. ఫోనుతో తీస్తే బ్యూటీ మోడ్ తీసేయండి. ప్రింటు వేసే ల్యాబు కుర్రాడికి కూడా "రంగు తెలుపు చెయ్యొద్దు" అని గట్టిగా చెప్పాలి, లేకపోతే అలవాటు కొద్దీ చేసేస్తాడు.

ప్రింటు ఇవ్వడానికి మళ్ళీ పోతారు కదా, అసలు ఫోటోలు అప్పుడే మొదలవుతాయి. కిరీటాలాయన మొదటి ప్రింటు చూసి ఏమీ అనలేదు. లోపలికి పోయి, ఎవరికీ అమ్మకుండా పెట్టుకున్న వాళ్ళ నాన్న చేసిన పాత కిరీటం తెచ్చి చూపించాడు.

ఆన్‌లైన్లో పెట్టేటప్పుడు ఊరి పేరు చాలు, వీధి గుర్తులు వద్దు. 'పేదరికాన్ని జయించిన' లాంటి మాటలు వద్దు, జయించారో లేదో మనకేం తెలుసు. ఏం పని, ఎట్లా చేస్తారు, వాళ్ళు అన్న ఒక మాట, అంతే రాయండి. పెట్టే ముందు వాళ్ళకి చదివి వినిపించండి. వెల్డరు అర్జునుడైతే నేను రాసింది విని, "మెట్లు కట్టిన మా ఊరోళ్ళ పేరు కూడా పెట్టు, లేకుంటే వాళ్ళు సరిగ్గా కట్టలేదని అనుకుంటారు" అన్నాడు. పెట్టాను.

మీరు తిరుపతిలో ఏ పక్క ఉంటారో, తెల్లవారుజామున ఖాళీనా సాయంత్రాలు ఖాళీనా చెప్పండి. దాన్ని బట్టి మొదట ఏ పని చూడొచ్చో చెప్తాను. సాయంత్రాలే అయితే కాళహస్తి కుదరదు, మాధవమాల చెక్క శిల్పాల పని గానీ, ఇక్కడే పూలు కట్టేవాళ్ళని గానీ చూద్దాం.